కొండయాత్రలు - గురువుల బాధ్యత

2014వ సంవత్సరపు వేసవిలో, పదునాలుగు దినముల వ్యవధిలో, తెలుగు విద్యార్థులను గూర్చిన రెండు వార్తలు దేశమంతట వినబడినవి. మొదటిది ఆనందబాష్పములు తెప్పించినది. రెండవది గుండెలు పగులజేసినది. ఆ రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చూచినచో, పిల్లలను కొండలకును కోనలకును వెంటబెట్టుకొని పోవు ప్రతి గురువును నేర్వవలసిన పాఠము వానిలోనే కనబడును.

మే నెల 25వ తేదీన నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు గిరిజన బాలిక మాలావత్ పూర్ణ ఎవరెస్టు శిఖరముపై నిలిచెను. అప్పటి కామె వయస్సు పదమూడు సంవత్సరముల పదునొకండు మాసములు. ఆమెతోపాటు ఖమ్మము జిల్లా బాలుడు సాధనపల్లి ఆనందకుమార్ కూడ శిఖరమును చేరెను. ఇద్దరును సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులు. ఇద్దరును క్షేమముగ ఇల్లు చేరిరి.

జూన్ నెల 8వ తేదీ సాయంకాలము, హైదరాబాదునుండి విహారయాత్రకు వెళ్లిన ఇంజనీరింగు కళాశాల విద్యార్థులు హిమాచల ప్రదేశములోని మండి జిల్లా థలౌట్ వద్ద దారిలో దిగి, బియాస్ నదిలోని బండలపై నిలిచి ఛాయాచిత్రములు తీసికొనుచుండిరి. ఎగువనున్న లార్జి జలవిద్యుత్కేంద్రపు ఆనకట్ట తలుపులు తెరచుటతో నీరు ఒక్కుమ్మడిగ పెరిగి, 24 మంది విద్యార్థులను, వారితో వచ్చిన యాత్రా నిర్వాహకు నొకనిని కొట్టుకొనిపోయెను.

ఎత్తును బట్టి అపాయము నెంచువారికి ఈ రెండు సంఘటనలును తలక్రిందులుగ తోచును. ఇరువదితొమ్మిది వేల అడుగుల ఎత్తున, గాలి పలుచనై ఊపిరి కందని చోట, ఇద్దరు పిల్లలు క్షేమముగ నుండిరి. రహదారికి కూతవేటు దూరమున ఇరువదినలుగురు ప్రాణములు కోల్పోయిరి. దీనికి కారణ మేమి?

ఎవరెస్టు నెక్కిన ఇద్దరి వెనుక ఎంత వడపోత జరిగినదో చూడుడు. గురుకులముల కార్యదర్శి ఆర్. ఎస్. ప్రవీణ్‌కుమార్ సంకల్పించగా, పర్వతారోహకుడు శేఖర్‌బాబు శిక్షణ నిచ్చెను. నూరుమందికి పైబడిన బాలబాలికలు మొదట భువనగిరి బండపై తాడు పట్టి ఎక్కుట నేర్చిరి. వారిలో ఇరువదిమంది డార్జిలింగులోని హిమాలయ పర్వతారోహణ విద్యాలయమునకును, అందు తొమ్మండుగురు లదాఖు మంచుకొండలకును పోయిరి. తుదకు మిగిలినవా రిద్దరు. ప్రతి మెట్టునను ఎవరో ఒక పెద్ద, పిల్లవాని ముఖము చూచి, 'నీ కింకను సమయము రాలేదు, నాయనా' అని చెప్పవలసివచ్చెను. నదీతీరమున అట్టి మెట్టు ఒక్కటియు లేదు. ఏ హెచ్చరికయు, ఏ కట్టుబాటును ఆ పిల్లలను బండలవద్ద ఆపలేకపోయెను.

కావున అపాయము కేవలము ఎత్తులో లేదు. ఎరుగని చోటును ఎరిగినదిగ భావించుటలో నున్నది. పిల్లల నప్పగించుకొన్నవాడు 'వద్దు' అనవలసిన క్షణమున ఊరకుండుటలో నున్నది. ఈ మాటను మనస్సున నుంచుకొని మన ఊరి యాత్రల సంగతి విచారింతము.

ఆదివారము తెల్లవారుజామున సికింద్రాబాదు రైలుస్టేషనులో నిలిచి చూచినచో, వీపున సంచులు తగిలించుకొన్న విద్యార్థుల గుంపులు కనబడును. కాజీపేట మార్గమున సుమారు 45 కిలోమీటర్లు పోయిన భువనగిరి. అటు పడమటగా వికారాబాదు చేరిన అనంతగిరి, మూసీనది పుట్టినచోటు. అంత దూరము పోలేనివారికి ప్రక్కనే మౌలాలి గుట్ట. సెలవులు నాలుగు దినములు కలసివచ్చిన నల్లమల. ఇది సంతోషింపదగిన విషయము. తెలుగు ప్రబంధముల అష్టాదశ వర్ణనలలో శైలవర్ణన మొకటి. దానిని తరగతిగదిలో కూర్చుండి ఎంత చదివినను, చాళుక్య త్రిభువనమల్లుని పేర వెలసిన భువనగిరి దుర్గము నెక్కి ఒక్క ఉదయము చూచినదానితో సాటిరాదు. సుమారు 250 కోట్ల సంవత్సరముల వయస్సుగల ఈ దక్కను నల్లరాతిపై అరచేయి మోపిన బాలునికి భూగోళశాస్త్రము వేరుగ బోధింపనక్కరలేదు. అందుచేత కొండయాత్రలు మానుడని నేను చెప్పను. చేయుడు, కాని చేయించు విధ మెరిగి చేయుడు.

మొట్టమొదట తెలిసికొనవలసిన దేమనగా, పెద్దగుంపు ధైర్యము నిచ్చును గాని భద్రత నీయదు. నలుగురు స్నేహితులు కొండకు పోయినపుడు ఒకడు కనబడకున్నచో తక్షణమే తెలియును. అరువదిమందిలో ఒకడు కనబడకున్నచో, ముందున్నవారు వాడు వెనుక వచ్చుచున్నాడనుకొందురు. వెనుకనున్నవారు వాడు ముందుపోయినాడనుకొందురు. పదిమందిలో పాము చావదని మన పెద్దలు ఊరక అనలేదు. అందరి పనియైనది ఎవరి పనియు కాకపోవును.

రెండవది, కాలపు లెక్క. స్కాట్లండు పర్వతారోహకుడు విలియమ్ నైస్మిత్ 1892లో ఒక సూత్రము చెప్పెను. సమతలమున గంటకు మూడు మైళ్ల నడక. ఎక్కవలసిన ప్రతి రెండువేల అడుగులకు మరియొక గంట. అది దృఢకాయుడైన పెద్దవాని నడక. అందు విశ్రాంతి చేరలేదు. మన పిల్లల గుంపునకు ఆ లెక్క చాలదు. ఇరుకైన అంచునో, విరిగిన మెట్టునో దాటుటకు ఒక్కొక్కరికి అరనిమిషము పట్టినను, అరువదిమందికి అరగంట పట్టును. అట్టి చోట్లు దారిలో నాలుగుండి, ప్రతిచోటను అందరును మరల కూడుకొని సాగవలెనన్నచో, ఎక్కుటలో రెండు గంటలు, దిగుటలో రెండు గంటలు కేవలము నిలువబడుటకే చాలును. ఉదయము తొమ్మిది గంటలకు బయలుదేరి చీకటిలో దిగిన జట్లన్నియు దారి తప్పినవి కావు. చాల జట్లు ఈ గుణకారము చేయనివి.

మూడవది మిక్కిలి ముఖ్యము. మిక్కిలి అలక్ష్యము చేయబడునదియు నిదియే. పెద్దగుంపు నడచునపుడు బలవంతులు ముందుండి, కొంత దూరము పోయి, నీడన కూర్చుండి, వెనుకవారికై వేచియుందురు. వెనుకవాడు రొప్పుచు వచ్చి చేరగానే, 'అందరును వచ్చినారు, ఇక లేవుడు' అందురు. ముందువానికి పది నిమిషముల విశ్రాంతి లభించినది. వెనుకవానికి ఒక్క నిమిషమైనను లేదు. విశ్రాంతి ఎవనికి ఎక్కువ కావలెనో వానికే తక్కువ దొరకును. ఇట్లు నాలుగు మజిలీలు గడచునప్పటికి ఆ బాలుని కాలు తడబడును, మాట తగ్గును, మంచినీరు ముగిసినదని చెప్పుటకైనను సిగ్గుపడును. మధ్యాహ్నము జరుగు ప్రమాదమునకు బీజము ఉదయమే పడినదన్నమాట. కనుక కట్టకడపటివాడు వచ్చి చేరిన తరువాతనే విశ్రాంతికాలము మొదలైనట్లు లెక్కింపవలెను. జట్టు వేగము కట్టకడపటివాని అడుగును బట్టియే నిర్ణయింపబడవలెను.

వీనికి ఉపాయ మేమి? పెద్దగుంపును పండ్రెండుమందికి మించని చిన్నజట్లుగ విభజింపుడు. ఒక్కొక్క జట్టుకు ఇద్దరు పెద్ద లుండవలెను. ముందు నడచువానిని ఎవరును దాటిపోరాదు; వెనుక నడచువానికంటె ఎవరును వెనుకబడరాదు. ఇద్దరెందుకనగా, ఒకరికి కాలు బెణికినచో ఒక పెద్ద వానివద్ద నిలువవలెను, మరియొకరు తక్కినవారిని కనిపెట్టవలెను. వెనుక నడచుట గౌరవము తక్కువ పనియని కొందరి భావము. నిజమునకు అనుభవమున మిన్నయైనవాడే అక్కడ నుండదగినవాడు. జట్టులోని కష్టములన్నియు తోకవద్దనే పుట్టును. బయలుదేరునపుడు, విశ్రమించిన ప్రతిచోట, దారి చీలిన ప్రతిచోట, వాగు దాటిన ప్రతిసారి తలలు లెక్కింపవలెను. 'అందరును ఉన్నారా?' అని కేకవేయుట లెక్క కాదు. లేనివాడు 'లేను' అని పలుకడు.

ముందు ఎవరును పోరాదని ఇంత గట్టిగ చెప్పుటకు కారణము మన తిరుమల దారిలోనే కలదు. తరతరములుగ లక్షలాది జనము నడచిన మెట్లదారి యది. 2023 ఆగస్టు 11వ తేదీ రాత్రి, అలిపిరి మార్గమున తనవారికి కొంచెము ముందుగ నడచుచున్న ఆరేండ్ల బాలికను చిరుతపులి పొట్టనబెట్టుకొన్నది. అటుపిమ్మట దేవస్థానమువారు మధ్యాహ్నము రెండు గంటలు దాటినచో చిన్నపిల్లల నా దారిన పోనీయక, యాత్రికులను గుంపులుగ పంపు ఏర్పాటు చేసిరి. దీపములు, మెట్లు, కావలివారు గల దారిలోనే ఇంత జాగ్రత్త అవసరమైనచో, నల్లమల కాలిబాట సంగతి చెప్పనేల?

బలహీనులను వేరుజట్టుగ చేయుట మంచిదే. కాని ఆ జట్టును ఎవరి కప్పగింతుమన్నది ప్రశ్న. 1971 నవంబరులో స్కాట్లండులోని కెయిర్న్‌గార్మ్ కొండలకు ఎడింబరో పాఠశాల పిల్లలు రెండు జట్లుగ పోయిరి. గట్టివారి జట్టును అనుభవజ్ఞుడు నడపెను. తక్కినవారి జట్టు ఇరువది యేండ్ల ప్రాయపు యువతి చేతికి వచ్చెను. మంచుతుపాను క్రమ్మి, ఆ జట్టు ఆశ్రయముగ నెంచుకొన్న గుడిసెను చేరలేక ఆరుబయట చిక్కుకొనెను. ఐదుగురు పిల్లలు, శిక్షణలో నున్న సహాయకురా లొకతె మరణించిరి. ఆ విషాదము తరువాత అచట పిల్లలను కొండకు తీసికొనిపోవువారి శిక్షణను గూర్చి గట్టి విచారణ జరిగెను. మనము గ్రహింపవలసిన దొకటే: బలహీనుల జట్టుకు బలమైన నాయకుడు కావలెను. మన ప్రాంతమున మంచుతుపాను లేదు గాని ఎండ కలదు, వాన కలదు, కార్చిచ్చు కలదు.

భువనగిరి ఒకే బండ. ఎండ ఎక్కినకొలది రాయి పెనమువలె కాలును. క్రిందినుండి రాయి, పైనుండి సూర్యుడు వేచును. తెల్లవారుజామున ఎక్కి, ఎండ ముదురకముందే దిగుట ఒక్కటే మార్గము. తలనొప్పి, ఒళ్లు తూలుట కనబడగనే నీడకు చేర్చి ఉప్పు, చక్కెర కలిపిన నీ రీయవలెను. మాట తడబడి, ఒళ్లు కాలిపోవుచున్నచో అది వడదెబ్బ. నీటితో శరీరము తడిపి, విసరుచు, ఆస్పత్రికి చేర్చుటలో క్షణమైనను ఆలస్యము పనికిరాదు. కొండచరియలకు తేనెపట్టు లుండును. పొగ, కేకలు, రాయి విసరు ఆట, వీనిలో ఏ ఒక్కటి చాలును ఆ ఈగలు రేగుటకు.

వానకాలపు జలపాతముల మోజు మరియొకటి. 2023 జూలై 26వ తేదీన ములుగు జిల్లాలోని ముత్యాలధార జలపాతము చూడబోయిన సుమారు ఎనుబదిమంది, తిరుగుదారిలోని వాగు పొంగుటచే అడవిలో చిక్కుకొనిరి. విపత్తు సహాయకదళములు పోయి రాత్రివేళ వారిని బయటికి తెచ్చినవి. పొంగిన వాగును దాటుటకు సాహసింపక గట్టున నిలిచియుండుటయే వారిని బ్రదికించినది. నీరు తగ్గువరకు కూర్చుండుట పిరికితనము కాదు.

వేసవిలో గడ్డి ఎండిన కొండలకు నిప్పు భయము. 2018 మార్చి 11వ తేదీన తమిళనాట తేని జిల్లా కురంగణి కొండలలో కార్చిచ్చు రేగి, కొండయాత్రకు పోయినవారిలో ఇరువదిమందికి పైగ మరణించిరి. ఎండుగడ్డి కొండను ఎగబ్రాకు మంటతో పరుగుపందెము వేసి గెలువజాలము. కాబట్టి అటవీశాఖవారి అనుమతి యనునది కేవలము ముద్ర వేసిన కాగితము కాదు. ఆ దినమున ఆ కొండ ఎట్లున్నదో తెలిసికొను ద్వారము. నల్లమలలో చెంచు పెద్ద 'నేడు అటు పోవద్దు, సామీ' అన్నచో, ఆ మాటను మన పటములకంటె ఎక్కువగ మన్నింపవలెను.

ఇక తిరుగుదారి. మనుచరిత్రలోని ప్రవరుని కథ తెలుగు విద్యార్థు లెరిగినదే. సిద్ధు డిచ్చిన పసరు కాళ్లకు పూసికొని క్షణములో హిమాలయమును చేరినాడు; వింతలన్నియు చూచినాడు; తీరా ఇంటికి మరలుద మన్నప్పటికి పసరు మంచుకు కరగిపోయినది. పోవు ఉపాయమును గూర్చి ఆలోచించినవాడు మరలు ఉపాయమును గూర్చి ఆలోచింపలేదు. మన యాత్రలలో ఆ పసరు కాలమే, నీరే, వెలుతురే, పిల్లల కాళ్ల సత్తువయే. సగము ఖర్చయినచోటనే వెనుదిరుగవలెను. 'ఇంత దూరము వచ్చినాము, శిఖరము కనబడుచున్నది' అను మాట మనలను ముందుకు లాగును. బయలుదేరకముందే మరలు గడియను నిశ్చయించి, పిల్లలందరికి చెప్పియుంచినచో, ఆ సమయము వచ్చినపుడు గురువు తర్కింపనక్కరలేదు. గడియారము చూపిన చాలును.

నెల్లూరు జిల్లా వాడైన మల్లి మస్తాన్‌బాబు 2006లో 172 దినములలో ఏడు ఖండముల ఉన్నత శిఖరములను అధిరోహించిన ధీరుడు. 2015లో ఆండీస్ పర్వతములలో ఒంటరిగ ఎక్కుచు ప్రాణములు విడిచెను. ఆయన ప్రాణము ఆయన చేతిలో నుండెను. దానిని ఏ శిఖరమునకు పణముగ నొడ్డవలెనో నిర్ణయించుకొను హక్కు ఆయనది. పిల్లలను నడపు గురువునకు ఆ హక్కు లేదు. అతని చేతిలో నున్నవి పరుల కన్నబిడ్డల ప్రాణములు. సాహసికునికి శోభ నిచ్చు గుణమే సంరక్షకునికి దోషము కావచ్చును.

ఈ మాట నీతి మాత్రమే కాదు, న్యాయస్థానములు చెప్పిన మాట కూడ. 1995 మే 28వ తేదీన పఠాన్‌కోట సమీపపు ఒక పాఠశాల పిల్లలను ఉపాధ్యాయులు వనభోజనమునకు తీసికొనిపోగా, 14 మంది నీట మునిగి చనిపోయిరి. ఆ నదియు బియాస్ నదియే! 2001లో సుప్రీంకోర్టు పాఠశాల బాధ్యతను నిలిపి, ఒక్కొక్క బిడ్డకు 5 లక్షల రూపాయల పరిహారమును ధ్రువపరచెను. థలౌట్ దుర్ఘటన విషయమున హిమాచల ప్రదేశ హైకోర్టు 2016లో ఒక్కొక్క కుటుంబమునకు 20 లక్షల రూపాయలు నిర్ణయించి, అందు అధికభాగము విద్యుద్బోర్డు, కొంతభాగము కళాశాల, మిగిలినది రాష్ట్ర ప్రభుత్వము చెల్లింపవలెనని తీర్పు చెప్పెను. తలుపులు తెరచినది కళాశాల కాదు. అయినను పిల్లలను అక్కడికి తీసికొనిపోయినందున దానికి బాధ్యత తప్పలేదు. తల్లిదండ్రులు చేవ్రాలు చేసిన అంగీకారపత్రము మన బీరువాలో నున్నంత మాత్రమున మన బాధ్యత తీరదు. ఆ చేవ్రాలు నమ్మకమునకు గుర్తే గాని క్షమాపణ పత్రము కాదు.

పాఠశాలల పెద్దలకు నా మనవి. యాత్రకు పూర్వము ఒక ఉపాధ్యాయుడు ఆ దారిని స్వయముగ నడచి రావలెను, అదియు అదే ఋతువులో. ఉబ్బసము, మూర్ఛ, గుండెజబ్బు గల పిల్లల వివరము తోకన నడచువాని జేబులో నుండవలెను. ప్రథమచికిత్స పెట్టె, ఈల, తాడు, అదనపు నీరు జట్టు జట్టుకును వేరుగ నుండవలెను. ఒక్క పెట్టె ముందుపోయినవాని సంచిలో నున్నచో వెనుక పడినవానికి పనికిరాదు. 112 నంబరు అందరికి తెలిసినదే గాని, అడవిలో సెల్‌ఫోను పలుకని చోట్లు మెండు. ఏ దారిన పోవుచున్నామో, ఎన్ని గంటలకు దిగుదుమో తెలిసిన మనుష్యుడు ఒకడు ఊరిలో నుండి, ఆ గడియ దాటినచో కబురంపవలెను.

విద్యార్థులారా, మీకును ఒక మాట. అలసినానని చెప్పుట అవమానము కాదు. చెప్పకుండుట వలన మీ భారము స్నేహితులపై పడును. బలముగలవారు ముందు పరుగెత్తుటకంటె వెనుకనున్న చెలికాని సంచి నందుకొనుట ఘనత. ఛాయాచిత్రమునకై అంచువరకు పోవు మిత్రుని చేయిపట్టి లాగుడు. వాడు కోపగించినను సరియే.

ప్రతి ఉదయమును మనము తరగతిలో హాజరుపట్టీ తీసి, పేరు పేరున పిలుచుచున్నాము. అలవాటుచే అది మనకు లెక్కల పనివలె తోచును. కొండ అడుగున సాయంకాలము మరల ఆ పట్టీనే తీసి, అవే పేర్లు పిలిచినపుడు, ప్రతి పేరునకును 'ఉన్నానండీ' అని జవాబు రావలెను. శిఖరము చేరినారా లేదా యను ప్రశ్న ఆ తరువాతిది.